నిరుడు నాటిన మొక్కల్లో ముప్పావు వంతు పోయాయి, ఈసారి ఏం మార్చాలి?

చెరువుగట్టు
ఘట్‌కేసర్ వైపు మా కాలనీకి ఆనుకుని రెండెకరాల ఉమ్మడి స్థలం ఉంది. నిరుడు వానాకాలంలో సంక్షేమ సంఘం తరఫున 600 మొక్కలు నాటించాం. వేప, కానుగ, నేరేడు, రేల, ఎర్రచందనం, కొంత టేకు. ఇప్పుడు మే నెల. ఆదివారం వరుసల వెంట నడిచి లెక్క చూస్తే పచ్చగా ఉన్నవి 150 కూడా లేవు. దసరా తర్వాత నుంచి వారానికోసారి ట్యాంకరుతో నీళ్లు పెట్టిస్తూనే ఉన్నాం. ఆ ఖర్చు చూసి సభ్యులు ఇక మొక్కల మాట ఎత్తవద్దంటున్నారు. నేల ఎర్ర చల్క, అడుగున్నర దిగితే మొరం. మరో నెలలో వానలు వస్తాయి. నీళ్లు చాలలేదా, నేల పనికిరాదా, మొక్కలే మంచివి కావా? తెలిసినవారు చెప్పండి.

మిద్దెతోట
నీళ్లేనండీ. ఈ ఎండల్లో వారానికోసారి ఏ మూలకు సరిపోతుంది? మా మిద్దె మీద రెండు పూటలా పోస్తేనే మొక్కలు నిలబడుతున్నాయి.

మల్కాజిగిరి_వాసి
మిద్దెతోట గారి మాటే నాదీ. దానికి తోడు ఎరువు. చల్క నేలలో సారం ఉండదు.

గడ్డపార
కుండీలో మొక్క లెక్క వేరు, నేలలో చెట్టు లెక్క వేరు. నేను నర్సరీల్లో, ప్లాంటేషన్లలో చాలా ఏళ్లు పనిచేశాను. చెరువుగట్టు గారూ, ముందు ఒక పని చేయండి. ఎండిపోయిన వాటిలో అయిదారింటిని చేత్తో పీకకుండా, చుట్టూ జానెడు దూరంలో తవ్వి మట్టిగడ్డతో సహా పైకి తీయండి. గడ్డను నిలువుగా కోసి లోపల తడి ఉందో లేదో చూడండి. తర్వాత వేళ్లను బకెట్‌లో కడగండి. కనిపించింది కనిపించినట్టు ఇక్కడ రాయండి. అప్పటిదాకా మనం చెప్పేదంతా ఊహే.

బాలానగర్_బాబాయ్
మొక్కలకూ పంచనామా! సాక్షి సంతకానికి కావాలంటే నేను వస్తాను.

రేలపూలు
తవ్వేటప్పుడు ఇంకోటి కూడా చూడండి. మొక్క మొదలు నేల మట్టానికి ఉందా, లోపలికి పూడిపోయిందా? చాలాచోట్ల గుంత మట్టి కుంగి, మొదలు అరచేయి లోతున కూరుకుపోయి కుళ్లుతుంది.

చెరువుగట్టు
తవ్వాం. ముగ్గురం కూర్చుని ఒక్కోటి కడిగి చూశాం.

కొన్నింటికి నల్ల పాలిథిన్ సంచి అలాగే ఉంది, అడుగు మాత్రం చింపి పెట్టేశారు. సంచి తీసి నాటిన వాటికీ వేళ్లు సంచి ఆకారంలోనే ఉన్నాయి. ఒక వేప మొక్క తల్లివేరు అడుగు దాకా దిగి, అక్కడ పక్కకు మళ్లి గుండ్రంగా మూడు చుట్లు తిరిగింది. ఆ చుట్టు పెన్సిలంత లావుగా, వంచబోతే విరిగేంత గట్టిగా ఉంది. సంచి మట్టి దాటి బయటికి పోయిన వేరు ఒక్కటీ లేదు. గడ్డకూ గుంత మట్టికీ మధ్య వేలు పట్టేంత సందు. పాదులో ఒక బిందె నీళ్లు పోస్తే ఆ సందులో గుటుక్కున దిగిపోయాయి. గడ్డను కోస్తే లోపల పిండి రాలినట్టు పొడిమట్టి రాలింది. ఆ పాదుకు ముందురోజే ట్యాంకరు నీళ్లు పెట్టాం.

రేలపూలు గారు అడిగింది: రెండు మొక్కలకు మొదలు లోపలికి పోయింది. మిగతావి సరిగానే ఉన్నాయి.

గడ్డపార
జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది. నీళ్లు పాదు దాకా వచ్చాయి, వేళ్ల దాకా రాలేదు. సంచి మట్టి ఒకసారి బాగా ఎండితే ముడుచుకుని గట్టిపడుతుంది. చుట్టూ గుంత మట్టి వదులుగా ఉంటుంది కాబట్టి నీళ్లు అటే పోతాయి. వేళ్లు బయటికి వచ్చి ఉంటే వాటిని అందుకునేవి. అవి లోపలే చుట్టుకుపోయాయి. ఇలాంటి మొక్కకు రెండు పూటలా పోసినా ఫలితం ఉండదు.

మన అడవి చెట్లలో చాలావాటికి ముందు వేరు దిగుతుంది, ఆ తర్వాతే పైన ఎదుగుదల. గింజ మొలిచిన కొన్ని వారాలకే తల్లివేరు సంచి అడుగును తాకుతుంది. దారి లేక పక్కకు తిరుగుతుంది. అమ్ముడుపోలేదని అదే సంచిలో ఇంకో ఏడాది ఉంచితే చుట్టు మీద చుట్టు పడి కట్టెలా గట్టిపడుతుంది. నేలలో పెట్టాక కూడా ఆ వంపు పోదు. చెట్టు లావెక్కే కొద్దీ తన వేరే తన మొదలును బిగిస్తుంది. నాలుగైదేళ్లు ఏపుగా పెరిగిన చెట్టు ఒక గాలివానకు మొదలంటా పడిపోతే ఆ మొదలు చూడండి, చాలాసార్లు ఈ చుట్టే కనిపిస్తుంది.

నాటే రోజు చేయాల్సింది ఇది. ఒక తొట్టిలో నీళ్లు నింపి, సంచితో సహా మొక్కను ముంచండి. బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా ఉంచితే గడ్డ లోపలిదాకా తడుస్తుంది. సంచిని పట్టుకుని లాగకుండా బ్లేడుతో పైనుంచి కిందికి చీల్చి విప్పండి. అడుగున చుట్టుకున్న వేళ్లను రెండు చేతివేళ్ల మందాన అడ్డంగా కోసేయండి. గడ్డ పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టండి. వేరు కోస్తే మొక్క చస్తుందని భయపడతారు. కోసిన చోటు నుంచే కొత్త వేళ్లు బయటికి వస్తాయి. గడ్డ పైభాగం నేల మట్టానికి సరిగ్గా ఉండాలి. మట్టిని చుట్టూ చేతులతో అదమాలి, గడ్డ మీద కాలు వేసి తొక్కకూడదు.

మిద్దెతోట
బుడగల సంగతి కొత్తగా తెలిసింది. కుండీ మార్చేటప్పుడు నేనూ చేస్తాను. అయినా వేసవిలో నీళ్లు తగ్గించమంటే మనసొప్పడం లేదు.

గడ్డపార
తగ్గించమనలేదు మిద్దెతోట గారూ. వేరు అందుకునే చోట పెట్టమన్నాను.

విత్తనాలసంచి
శంషాబాద్ వైపు మాది నర్సరీ. తప్పంతా నర్సరీలదే అన్నట్టు వెళుతోంది చర్చ, కాస్త మా మాటా వినండి. వచ్చేవారు ముందు ఎత్తు చూస్తారు. నాలుగడుగుల మొక్క ఉందా, అయిదడుగుల మొక్క ఉందా అని అడుగుతారు. రేటు కూడా ఎత్తును బట్టే. అడుగున్నర ఎత్తులో బొద్దుగా, గట్టి కాండంతో ఉన్న మొక్క చూపిస్తే "ఇంత చిన్నదా" అని పక్కన పెడతారు. చిన్న సంచిలో సన్నగా సాగిన అయిదడుగుల మొక్కకు పైన ఆకు ఎక్కువ, కింద వేరు తక్కువ. ఎండకు ఆకు అడిగినంత నీరు ఆ వేరు ఇవ్వలేదు.

మంచి నర్సరీలో సంచులను నెలకోసారి అటూ ఇటూ జరుపుతారు. లేకపోతే వేళ్లు సంచి దాటి నేలలో పాతుకుంటాయి, లారీ ఎక్కించేటప్పుడు పుటుక్కున తెగుతాయి. పంపడానికి మూడు నాలుగు వారాల ముందే షేడ్‌నెట్ కింద నుంచి ఎండలోకి తెచ్చి నీళ్లు క్రమంగా తగ్గిస్తారు. నీడలో లేతగా పెరిగిన మొక్కను తెచ్చి నేరుగా మొరం నేలలో పెడితే ఆకులు మాడక ఏమవుతాయి?

కొనేటప్పుడు మొదలు దగ్గర కాండం పెన్సిలంత లావు ఉందా, కొత్త ఆకు లేతగా ఉందా ముదురుగా ఉందా చూడండి. ఒక మొక్క సంచి చింపి వేరు చూపించమని అడగండి, ఆ ఒక్క మొక్క డబ్బు మీరే ఇవ్వండి. చూపించడానికి ఒప్పుకోని చోట కొనకండి.

రేలపూలు
విత్తనాలసంచి గారూ, ఒక్క మొక్క కోసి చూడాలన్న సలహా చాలా విలువైనది. నేను ఇంకొంచెం కలుపుతాను. ఆ ఒక్క మొక్కను నర్సరీవారు ఏరి ఇవ్వకూడదు, వరుస మధ్యలోంచి మనమే తీసుకోవాలి.

చెరువుగట్టు
మాకు వచ్చినవన్నీ నాలుగైదు అడుగులవే. పొడవు చూసి అందరూ సంతోషించారు. తెచ్చింది పైకప్పు లేని లారీలో, మిట్టమధ్యాహ్నం. దించేటప్పుడు కాండం పట్టుకుని అందించుకున్నారు. నాటే కార్యక్రమం నాలుగు రోజుల తర్వాత జరిగింది. అప్పటిదాకా గోడ పక్కన ఎండలోనే ఉన్నాయి.

గడ్డపార
ఆ లారీ ప్రయాణంలోనే సగం ప్రాణం పోయి ఉంటుంది. కదిలే బండిలో గాలి ఆకులను పీల్చేస్తుంది. పరదా కప్పాలి, తెల్లవారుజామునో సాయంత్రమో తేవాలి. బయలుదేరడానికి ముందురోజు తడిపితే గడ్డ చెదరదు. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఎత్తేటప్పుడు సంచి కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. కాండం పట్టుకుంటే గడ్డ బరువుకు పీచువేళ్లు లోపలే తెగుతాయి, పైకి ఏమీ కనిపించదు. వచ్చాక చెట్టు నీడలో నిలబెట్టి నీళ్లు పెట్టండి. గుంతలు సిద్ధంగా లేకుండా మొక్కలు తెప్పించవద్దు.

పోర్ట్‌లాండ్_తెలుగు
నేను అమెరికాలో ఆరెగాన్‌లో ఉంటాను. ఇక్కడ డగ్లస్ ఫర్ మొక్కలను చాలావరకు మట్టి లేకుండా ఉత్త వేళ్లతోనే నాటుతారు. చలికాలంలో, ఎదుగుదల ఆగిన సమయంలో నర్సరీ నుంచి పెరికి, గడ్డకట్టే చలికి కాస్త ఎగువన ఉండే గదుల్లో నిలవ చేస్తారు. కొండ మీదికి తెచ్చాక సంచి మూతి తెరిచి ఉంచనివ్వరు. ఎండ, గాలి తగిలితే పీచువేళ్లు నిమిషాల్లో ఎండుతాయి. నాటేవారు నడుముకు సంచి కట్టుకుని, గుంత తీశాకే ఒక్కో మొక్కను బయటికి తీస్తారు. గుంత లోతు చాలక వేరు కొస పైకి మడతపడితే తనిఖీకి వచ్చినవారు ఆ మొక్కను లెక్కలోకి తీసుకోరు. మన దగ్గర కూడా ఇలా చేస్తే లారీ ఖర్చు ఎంతో తగ్గుతుంది కదా?

బాలానగర్_బాబాయ్
మన మే నెలకు ఆ మొక్కలు విమానం దిగగానే వెనక్కి ఎక్కుతాయి.

గడ్డపార
పోర్ట్‌లాండ్ గారూ, అది చల్లటి దేశపు పద్ధతి. మన దగ్గర ఆకుతో ఉన్న మొక్కను ఉత్త వేళ్లతో నాటితే నిలవదు. కానీ మనకూ అలాంటిది ఒకటి ఉంది, టేకు స్టంపులు. నారుమడిలో ఏడాది పెంచి, పెరికి, పీచువేళ్లన్నీ చెక్కేసి, పైన అంగుళం కాండం, కింద ఆరేడు అంగుళాల తల్లివేరు ఉంచుతారు. బొటనవేలంత లావుండాలి. తడి గోనెలో చుట్టి తెచ్చి, నేల తడిసిన వెంటనే గడ్డపారతో రంధ్రం చేసి దింపి, పక్కమట్టి గట్టిగా అదుముతారు. ఆకు లేదు కాబట్టి ఎండ పీల్చడానికి ఏమీ ఉండదు. వేరులో దాచుకున్న బలంతో చిగురిస్తుంది. సంచి టేకు కన్నా స్టంపు టేకు చౌక, వేరు చుట్టుకునే గొడవ కూడా లేదు.

పోర్ట్‌లాండ్_తెలుగు
ఇది నాకు తెలియదు. ధన్యవాదాలు గడ్డపార గారూ. వేరును ఎండనివ్వకూడదన్న నియమం మాత్రం రెండుచోట్లా ఒకటే అని అర్థమైంది.

మల్కాజిగిరి_వాసి
ఎరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. గుంతలో వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు బాగా నింపితే మొక్క త్వరగా అందుకోదా?

ఇప్పపువ్వు
అందుకుంటుంది, అక్కడే ఉండిపోతుంది కూడా. చుట్టూ గట్టి మొరం, మధ్యలో మెత్తటి ఎరువు ఉంటే వేళ్లు ఆ గుంత దాటవు. వానాకాలంలో ఆ గుంతే నీళ్లు నిలిచే తొట్టి అవుతుంది. పై మట్టి ఎక్కువ, చివికిన పశువుల ఎరువు తక్కువ. గుంతలో మూడో వంతుకు మించి ఎరువు వద్దు. పచ్చిపేడ అసలే వద్దు, చెదలను పిలిచినట్టే.

మల్కాజిగిరి_వాసి
చెదలకు మందు కొట్టించాలి కదా మరి?

ఇప్పపువ్వు
నేను గుంతకు రెండు గుప్పిళ్ల వేపపిండి వేయిస్తాను. ఎర్రనేలలో చెదలు ఎలాగూ ఉంటాయి. బలంగా ఉన్న మొక్క కన్నా ఎండిపోతున్న మొక్కనే ముందు పడతాయి. చెదలే చంపాయని చాలామంది అనుకుంటారు. తవ్వి చూస్తే అవి వచ్చేసరికే మొక్క పోయి ఉంటుంది.

విత్తనాలసంచి
అన్నిచోట్లా అలా కాదండీ. ఎర్రనేలలో లేత నీలగిరి మొక్కలను పచ్చగా ఉండగానే తినేస్తాయి, కళ్లారా చూశాను. చెదల పుట్టలు కనిపించే నేలైతే వేపపిండి ఒక్కటే చాలదు.

ఇప్పపువ్వు
నీలగిరి విషయంలో మీరు చెప్పింది నిజమే. మన దేశవాళీ జాతులకు అంత బెడద ఉండదని నా అనుభవం.

తూనీగ
ఇదంతా కాకుండా మియావాకీ పద్ధతిలో దట్టంగా వేస్తే? జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీ చెప్పినట్టు చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు. ఒకదానికొకటి నీడ ఇచ్చుకుంటాయి, రెండు మూడేళ్లలో చిట్టడవి అవుతుంది. తెలంగాణ అటవీ శాఖ యాదాద్రి నమూనా కూడా దగ్గరదగ్గర నాటేదే కదా, ఎకరానికి సుమారు 4000.

రేలపూలు
తూనీగ గారూ, లెక్క వేయండి. రెండెకరాలంటే దాదాపు 8100 చదరపు మీటర్లు. మీటరుకు మూడు చొప్పున 24,000 మొక్కలు. యాదాద్రి నమూనా అయినా 8000. మూడు మీటర్ల ఎడంతో వేస్తే 900. ఆరు వందల మొక్కల నీళ్లకే చేతులెత్తేసిన సంఘం 24,000 మొక్కలకు మొదటి రెండేళ్లు నీళ్లు, కలుపు ఎలా చూస్తుంది? ఆ పద్ధతి మంచిదే. దానికి నేలను మీటరు లోతు దాకా గుల్ల చేసి, గడ్డి కప్పి, డ్రిప్ వేసి చేస్తారు. సగం చేస్తే లాభం లేదు.

తూనీగ
రెండెకరాలూ అననక్కరలేదు. ఒక మూల పది సెంట్లలో చేసి చూడవచ్చు. కనీసం పిల్లలకు అడవి ఎలా ఉంటుందో కళ్ల ముందు కనిపిస్తుంది.

రేలపూలు
పది సెంట్లంటే ఒప్పుకుంటాను. 400 చదరపు మీటర్లు, 1200 మొక్కలు. బోరు దగ్గరగా ఉన్న మూల ఎంచుకోవాలి.

ఇప్పపువ్వు
నేను కాస్త వేరేగా ఆలోచించమంటాను. ఆ స్థలంలో తనంతట తానుగా ఏం మొలుస్తోంది? హైదరాబాద్ చుట్టూ రాతినేలల్లో పైకి ఏమీ లేనట్టు ఉన్నా కింద పాత మొదళ్లు బతికే ఉంటాయి. మోదుగ, చండ్ర, సీతాఫలం, వేప. మేకలు మేయకుండా, నిప్పు పడకుండా రెండు వానాకాలాలు కాపాడితే ఆ మొదళ్ల పిలకలు మనిషెత్తు లేస్తాయి. వాటి వేరు ఎప్పుడో రాళ్ల సందుల్లోకి దిగి ఉంది, ట్యాంకరు అక్కరలేదు. పిలకల్లో బలమైనది ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేస్తే చాలు. నాటడమే అడవి పెంచడం అనుకుంటున్నాం, ఉన్నదాన్ని ఉండనివ్వడం మరచిపోతున్నాం. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు ఎంతమంది "అది ఉత్త పొదలే కదా" అన్నారో గుర్తుందా? ఆ పొదలే మన నేలకు తగిన అడవి.

చెరువుగట్టు
ఇప్పపువ్వు గారూ, నిరుడు నాటే ముందు జేసీబీతో మొత్తం చదును చేయించారు, తూర్పు వైపు బండల దగ్గర మాత్రం బండి పోలేదు. అక్కడ మోదుగ పిలకలు మోకాలెత్తున ఉన్నాయి. సీతాఫలం కూడా.

ఇప్పపువ్వు
ఆ బండల వైపు ఒక్క గుంత కూడా తీయకండి. చుట్టూ ముళ్లకంప వేయండి, అంతే.

విత్తనాలసంచి
జాతుల విషయం. ఎర్రచందనం పుట్టినిల్లు శేషాచలం రాతి కొండలు, మన నేలలో బతుకుతుంది కానీ నీళ్లు నిలిచే చోట వేయవద్దు. నేరేడుకు తేమ కావాలి, స్థలంలో పల్లం ఉంటే అక్కడికి మార్చండి, తెల్లమద్దికి కూడా అదే చోటు. మిట్టన వేప, రేల, నెమలినార, చండ్ర. ఎవరైనా శ్రీగంధం అడిగితే ఒక్కటే వేయవద్దని చెప్పండి. దాని వేరు పక్క మొక్కల వేళ్ల నుంచి కొంత ఆహారం తీసుకుంటుంది, అందుకే పక్కన కంది లాంటిది వేస్తారు. వేప ఒక్కటే బారులు తీర్చి వేయకండి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి ఎండాయి, గుర్తుందా? ఫోమాప్సిస్ అనే బూజు తెగులు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. అయినా అంతా ఒకే జాతి ఉంటే ఒకే దెబ్బకు అంతా పోతుంది. రోడ్ల పక్కన పచ్చగా పెంచే విదేశీ చెట్టు కోనోకార్పస్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

బాలానగర్_బాబాయ్
నా సందేహం ఒకటి. ఇంత తిప్పలు పడే బదులు నేరుగా గింజలే వేస్తే? వనజీవి రామయ్య గారు సైకిల్ మీద తిరిగి గింజలు చల్లే పెంచారు కదా, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు విత్తన బంతులని విసురుతున్నారు కూడా.

గడ్డపార
బాబాయ్ గారి ప్రశ్న మంచిది. గింజ మొలిచిన చోటే ఉంటే తల్లివేరుకు అడ్డే లేదు, అది నేరుగా దిగుతుంది. కానీ విసిరేసిన బంతికీ, గుంతలో పెట్టిన గింజకూ తేడా ఉంది. విసిరిన బంతి గట్టినేల మీద పడి, ఒక వానకు మొలిచి, తర్వాతి బెట్టకు ఎండుతుంది. పైగా వేప గింజకు మొలక శక్తి కొన్ని వారాలే. వేసవిలో చేసి దాచిన బంతుల్లో నిరుటి వేప గింజ ఉంటే అది మొలవదు. రేల, తుమ్మ గింజలకు పెంకు గట్టి, వేడినీళ్లు పోసి ఒక రాత్రి నానబెట్టకపోతే ఎప్పటికో గానీ మొలవవు.

వేప పండ్లు జూన్, జులైలో రాలుతాయి, సరిగ్గా వానల సమయానికి. పండు గుజ్జు కడిగి, వారం లోపల గుంతకు మూడు గింజలు అంగుళం లోతున వేయండి. బలమైనది ఒకటి ఉంచండి. ఉడతలు కొన్ని తింటాయి, అందుకే మూడు. రామయ్య గారు గింజ చల్లి ఊరుకోలేదు, వాటి బాగోగులూ చూశారు. ఆ రెండో పని మనం వదిలేస్తున్నాం.

మల్కాజిగిరి_వాసి
2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో గ్రామాల్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాశారు. నగరంలో అలాంటి లెక్క అడిగేవారు లేరు. ఎన్ని నాటారన్నదే ఫ్లెక్సీల్లో వేస్తారు. మూడో ఏడు ఎన్ని ఉన్నాయో ఎవరూ వేయరు.

తూనీగ
ఈ మాట మా కాలనీ సమూహంలో పెడుతున్నాను.

చెరువుగట్టు
మిగిలిన 150 మొక్కల సంగతి? వాటి వేళ్లు కూడా చుట్టుకునే ఉంటాయా? తీసేయాలా?

గడ్డపార
తీయకండి. ఈ మే నెల దాటుతున్నాయంటే వాటి వేళ్లు గుంత దాటి బయటికి పోయాయి. పాదును మొదలు దగ్గర కాకుండా రెండడుగుల అవతలికి జరపండి, నీళ్లు అక్కడే పెట్టండి. వేరు నీటి వెంట బయటికి పోతుంది. వారానికి బిందెడు చొప్పున పైపైన తడపడం కన్నా పది రోజులకోసారి ఇరవై లీటర్లు నిదానంగా ఇంకేలా పెట్టడం మేలు. ఎండుగడ్డి కప్పండి, కాండానికి తగలనివ్వకండి. ఊతకర్రకు కట్టిన ప్లాస్టిక్ తాళ్లు ఉంటే చూడండి, చాలాచోట్ల అవి కాండంలోకి కోసుకుపోతాయి. జనపనార తాడుతో వదులుగా కట్టాలి. కాండం గాలికి కొంచెం ఊగితేనే లావెక్కుతుంది.

కలుపు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. మొక్క చుట్టూ మీటరు మేర గరిక, వయ్యారిభామ లేకుండా చూడండి. గడ్డి వేళ్లు పైపైనే దట్టంగా ఉంటాయి, మీరు పెట్టే నీళ్లు ముందు అవే తాగుతాయి. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కలుపు తీయిస్తే వేసవి ట్యాంకర్లు కొన్ని తగ్గుతాయి. జనవరిలో ఎండుగడ్డి కోయించి, స్థలం చుట్టూ రెండు మీటర్ల పట్టీ శుభ్రంగా ఉంచండి. ఎవరో విసిరిన బీడీ ముక్క చాలు.

మిద్దెతోట
మేకల సంగతి? మా వీధిలో ట్రీగార్డులోంచి కూడా తల దూర్చి తింటాయి.

బాలానగర్_బాబాయ్
ట్రీగార్డు మేక కోసమే పెట్టినట్టు, లోపల వడ్డించిన ఆకులు ఎవరూ లాక్కోరు.

ఇప్పపువ్వు
ఒక్కో మొక్కకు గార్డు కొనే డబ్బుతో స్థలం మొత్తానికి కంచె వస్తుంది. మేకలవారితో ముందే మాట్లాడండి. గడ్డి కోసుకుని పోనివ్వండి, మందను మాత్రం లోపలికి తేవద్దని చెప్పండి. గడ్డి వారికి కావాలి, మీకు పోవాలి.

రేలపూలు
ఎప్పుడు నాటాలి అన్నది మిగిలింది. మా నాన్నగారు మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే నాటమనేవారు.

గడ్డపార
మృగశిర జల్లుకు నాటితే తర్వాత పది రోజులు ఎండ కాస్తే కష్టం. నేను ఆరుద్ర దాకా ఆగుతాను. గుంతలో అడుగు లోతున మట్టి పిడికిట పట్టి చూడండి. ఉండ కడితే నాటండి, జారిపోతే ఆగండి. ఆగస్టు దాటితే మాత్రం నాటవద్దు. హైదరాబాద్‌కు ఏడాదికి వచ్చే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. వేరు నేలలోకి దిగడానికి మొక్కకు ఉన్న గడువు అంతే.

రేలపూలు
నేలను చూసి నాటాలన్న మాట ఒప్పుకుంటాను. కార్తె పేరు మాత్రం మా నాన్నగారిదే ఉంచుతాను.

చెరువుగట్టు
సంఘంలో మాట్లాడాను. ఈసారి 200 మొక్కలే, అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తువి. తూనీగ గారు అన్న పది సెంట్ల ప్రయోగం వచ్చే ఏటికి వాయిదా వేశాం. మిగిలిన డబ్బు కంచెకు, రెండో వేసవి నీళ్లకు. గుంతలు ఈ వారమే తవ్విస్తున్నాం. కూలీలు అడుగున్నర చాలంటున్నారు.

గడ్డపార
మొరం తగిలే చోట రెండడుగులు దిగాల్సిందే. పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగులు. అడుగున గడ్డపారతో ఇంకో జానెడు గుల్ల చేయించండి, మట్టి బయటికి తీయనక్కరలేదు. నెల రోజులు ఎండకు వదిలేయండి. వాలు ఉన్న చోట గుంతకు దిగువ వైపు అర్ధచంద్రాకారంలో చిన్న కట్ట వేయిస్తే వాననీరు గుంతలోకి వస్తుంది.

విత్తనాలసంచి
200 మొక్కలకు మా దగ్గరికే రావాలని లేదు. ఎక్కడ కొన్నా జూన్ మొదట్లోనే వెళ్లి ఎంచి, ఎండలోకి మార్పించి, గుర్తు పెట్టుకుని రండి.

మల్కాజిగిరి_వాసి
తవ్వే రోజు చెప్పండి, నేను వస్తాను. పలుగు, పార తెచ్చుకుంటాను.

చెరువుగట్టు
శనివారం తెల్లవారుజామున అయిదింటికి మొదలు. ఎండ ఎక్కేలోపు ఆపేస్తాం. తవ్విన మట్టి ట్రాక్టరుతో బయటికి పంపేయమని ఒకరు అంటున్నారు, పంపాలా?

గడ్డపార
పంపవద్దు. పై ముప్పావు అడుగు మట్టి గుంతకు ఎడమ పక్క, కింది మొరం కుడి పక్క వేయించండి. నింపేటప్పుడు ఎడమ పక్కది లోపలికి పోతుంది, కుడి పక్కది కట్టకు సరిపోతుంది.